డిక్కీలో ప్రయాణం చేసిన ఉత్తరం

ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా "నయాగరా చూశావా రత్నం?" అని అడుగుతారు. చూశాను. బోలెడు నీళ్లు, బోలెడు జనం. దాని సంగతి చెప్పేవాళ్లు వీధికి ఇద్దరున్నారు. నేను చెప్పబోయేది మా వదినా నేనూ కారేసుకుని అయోవాలో మిల్ క్రీక్ అనే ఊరికి వెళ్లొచ్చిన సంగతి. ఆ ఊళ్లో చూడ్డానికేమీ లేదు. ఒక రోడ్డు, ఒక చర్చి, ఒక పాత బడి. కానీ అక్కడ మాకు కావలసిన మనిషొకావిడ ఉంది. ఆవిడకి ఏమైందో తెలుసుకోవడానికి వెళ్లాం.

పాలీ మా ఇంటికొచ్చిన వైనం

మా వదినంటే మా ఆయనకి స్వయానా అక్క. పిల్లల డాక్టరు, ఇప్పుడు రిటైరయింది. ఈ దేశం వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది. ఆవిడ స్పాన్సర్ చేస్తేనే మేమూ వచ్చాం. అందరం మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో ఒకే ఇంట్లో ఉంటాం. ఆవిడ చదివినంత చదువు మా వంశంలో ఇంకెవరూ చదవలేదు. నాది ఐదో తరగతి. అయినా పొద్దుట కాఫీ దగ్గర మొదలుపెడితే రాత్రి పడుకునేదాకా మా ఇద్దరి కబుర్లకి అంతుండదు.

వదినకున్న పిచ్చి ఒక్కటే, పాత ఉత్తరాలు. పాతవంటే మా కాలంవి కావు. ఈ దేశంలో పడమటి వైపు ఇంకా అడవీ గడ్డీ ఉన్నప్పుడు, బళ్లు కట్టుకుని కాపురాలకి వెళ్లినవాళ్లు వెనక ఉన్న అయినవాళ్లకి రాసుకున్నవి. అప్పటికి స్టాంపులు లేవు. కవరు కూడా లేదు. కవరు పెడితే దాన్నీ ఇంకో కాగితం కింద లెక్కేసి రెట్టింపు డబ్బు అడిగేవారట. అందుకని రాసిన కాగితాన్నే మడిచి, లక్క వేసి, పైన అడ్రసు రాసేవాళ్లు. పోస్టుమాస్టరు ఒక మూల ఊరి పేరు, ఇంకో మూల ఎన్ని సెంట్లో కలంతో రాసేవాడు. ఆ డబ్బు పుచ్చుకున్నవాళ్లు ఇచ్చుకోవాలి.

వదిన ఇది మొదటిసారి చెప్పినప్పుడు నేను నవ్వేశాను. "ఓస్, బేరింగు ఉత్తరం! మా ఊళ్లోనూ వచ్చేవిగా!" అన్నాను. స్టాంపు లేకుండా డబ్బాలో పడేస్తే అవతలివాళ్లు రెట్టింపు కట్టి విడిపించుకునేవాళ్లు. మా నాయనమ్మయితే ముందు ఉత్తరాన్ని పోస్టుమాను చేతిలో ఉండగానే అటూ ఇటూ తిప్పి, ఎవరి చేతిరాతో చూసి, అప్పుడు కొంగుముడి విప్పేది. 

వదినకి ఉత్తరం పైభాగం ముఖ్యం. ముద్రలు, అంకెలు, ఏ దారిన వచ్చింది, ఎన్ని చేతులు మారింది. భూతద్దం పెట్టుకుని గంటలు గంటలు చూస్తుంది. నాకేమో లోపలిది కావాలి. సాయంత్రాలు నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే ఆవిడ లోపలిది తెలుగులో చదివి వినిపించేది. అలా మా ఇంటికొచ్చింది పాలీ.

ఒక రైతు మనవడికి ఒకప్పుడు వదిన వైద్యం చేసింది. ఆ తాత అటకమీద దొరికిందని ఒక ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టాడు. మిల్ క్రీక్, అయోవా టెరిటరీ అని పైన కలంతో రాసి ఉంది. రాష్ట్రం కాకముందు టెరిటరీ అనేవాళ్లట. అందులో పాలీ అనే పిల్ల న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న లిడియాకి రాసింది. లిడియా ఎవరంటే పాలీ మొగుడి అక్క. "ప్రియమైన సిస్టర్" అని ఉంటే వదిన "ప్రియమైన అక్కా" అని చదవబోయింది. "మొగుడి అక్కని అక్కా అంటారేంటి? వదినా అనండి" అన్నాను. అప్పటి నుంచీ మా ఇంట్లో పాలీ లిడియాని వదినా అనే పిలుస్తుంది.

ఆ ఒక్కటి పట్టుకుని వదిన ఏళ్ల తరబడి వెతికి, చెదిరిపోయినవి ఒక్కొక్కటే ఏరుకొచ్చి పదకొండు చేసింది. నాకన్నీ కంఠతా వచ్చు. ఇల్లు చుట్టూ తోడేళ్ల అరుపులు, ఆవు తప్పిపోవడం, కాగితం కలిసొస్తుందని నిలువుగా రాసినదాని మీదే మళ్లీ అడ్డంగా రాయడం. ప్రతి ఉత్తరంలోనూ చివర ఒకటే మాట. "నువ్వు రా వదినా. ఇక్కడ మాట్లాడే ఆడమనిషి లేదు." పదకొండో దాంట్లో చలిజ్వరం పట్టుకుందని, కడుపుతో ఉన్నానని, చెయ్యి వణుకుతోందని రాసింది. అక్కడితో ఆగిపోయింది.

ఉత్తరాలు ఆగిపోవడమంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. మా నాయనమ్మ తమ్ముడు రంగూన్‌లో ఉండేవాడు. ఉత్తరాలు వస్తూ వస్తూ ఆగిపోయాయి. ఆవిడ పోయేదాకా రోజూ అరుగుమీద కూర్చుని పోస్టుమాను వంక చూసింది. 

కిందటేడు, అంటే రెండువేల తొమ్మిదిలో, ఇలినాయి నుంచి వాల్టర్ అనే పాత ఉత్తరాల వ్యాపారి ఫోన్ చేశాడు. మూలన మిల్ క్రీక్ అని రాసి ఉన్నది ఇంకొకటి దొరికింది, లిడియా పేరునే ఉంది, కానీ చేతిరాత వేరు అని. వదిన ఫోన్ పెట్టేసి నా వంక చూసింది. నేను చిక్కుళ్లు పక్కన పెట్టేశాను. మా వైపు చావు కబురు ఎప్పుడూ వేరే చేతిరాతతోనే వస్తుంది.

వదిన కళ్లు సన్నగిల్లుతున్నాయి. తన తరవాత ఈ పదకొండూ మళ్లీ చిల్లరగా అమ్ముడుపోతాయని దిగులు. మిల్ క్రీక్‌లో పాత బడిని చిన్న మ్యూజియం చేశారు, వాళ్లకే ఇచ్చేద్దామనుకుంది. పన్నెండోది కొని, అన్నీ కలిపి పాలీ ఊళ్లో అప్పజెప్పడం ఆవిడ కోరిక. ఆ పన్నెండోది ఎవరైనా కొనేసుకుంటే బాగుండునని నా కోరిక. ఇలా చెరొక కోరికతో కారెక్కాం.

పన్నెండో నంబరు రోడ్డు

ఫ్రీవే మీద వెళితే గబగబా పోవచ్చు. వదిన ఒప్పుకోలేదు. "పాత బండి దారి ఇదే. ఈ దారినే పడమటికి పోయింది జనమంతా" అని పన్నెండో నంబరు రోడ్డు పట్టింది. అక్టోబరు నెల. చెట్లన్నీ కుంకుమలో ముంచి తీసినట్టున్నాయి. వదిన డ్రైవ్ చేస్తుంటే నా పని అవతలివైపు చూసి చెప్పడం.

"రత్నం, అటు ఎవరైనా వస్తున్నారా?"

"ఒక లారీ వస్తోంది."

"దూరమా, దగ్గరా?"

"మీరిలా అడుగుతుంటే దగ్గరకొచ్చేసింది."

దారిలో ఆపిల్ రసం ఆడే మిల్లు దగ్గర ఆగాం. గానుగ లాంటిదే, కరెంటుతో తిరుగుతుంది. వేడివేడి రసం, దాంతోపాటు నూనెలో వేయించిన డోనట్లు. డజను ఐదు డాలర్లు. మన గారెకి బెల్లం పట్టిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వాటిని పొట్లం కట్టిన ముసలాయనతో "లోపల కాస్త అల్లం వేసి చూడండి" అని చెప్పమన్నాను. వదిన చెప్పింది. ఆయన చాలా మర్యాదగా ఆలోచిస్తానన్నాడు.

నేను ఎక్కడికెళ్లినా పులిహోర గుజ్జు సీసాలో పట్టుకెళతాను. చైనా వాళ్ల కొట్లో తెల్లన్నం రెండు డాలర్లకి దొరుకుతుంది. కలుపుకుంటే భోజనం అయిపోయినట్టే. ఈ సీసా సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఆలెన్

మిషిగన్ దాటకముందే ఆలెన్ అని ఒక ఊరుంది. ఊరంతా పాత సామాన్ల కొట్లే. మనం విరిగిందని పాత సామాన్లవాడికి వేసేది ఇక్కడ అద్దాల బీరువాలో పెట్టి దీపం వేస్తారు. ఒక తుప్పు పట్టిన జల్లెడ పద్దెనిమిది డాలర్లు! అది చూసి నాకు మా అమ్మ ఇంట్లోంచి ఎంత ఆస్తి పారబోశామా అనిపించింది.

ఒక కొట్లో చెక్కతో చేసిన మజ్జిగ కవ్వం డబ్బా ఉంది. పైకీ కిందకీ పొడవాలిట, తిప్పడం కాదు. కొట్టావిడ చేసి చూపించింది. పాలీ మూడో ఉత్తరంలో వెన్న తియ్యడానికి ఒంటరిగా పొడుస్తూ కూర్చుంటే భుజాలు పడిపోతున్నాయని రాసింది. ఆ కర్ర పట్టుకుని నాలుగుసార్లు పొడిచి చూశాను. నిజమే, ఇద్దరుండాలి దానికి. మనం కవ్వానికి తాడు కట్టి చెరో కొసా లాగినట్టు.

"కొంటావా ఏంటే?" అంది వదిన.

"లేదు వదినా. పాలీ అన్నది అబద్ధం కాదు అని చూశాను."

"పాలీ ఎప్పుడు అబద్ధమాడింది?"

"ఆవిడ ఆడదు. మీరు చదివేటప్పుడు ఏమైనా కలుపుతారేమోనని."

ఆ రాత్రి ఇండియానాలో పడుకుని పొద్దున్నే బయల్దేరాం. ఇక ఇలినాయి అంతా మొక్కజొన్నే. సగం కోసేశారు. సముద్రంలో పడవ వెళుతున్నట్టు చాలాసేపు వెళ్లాం. వెనక సీట్లో పదకొండు ఉత్తరాలున్న నల్ల పెట్టె ఉంది. దానికి కూడా సీటుబెల్టు పెట్టింది వదిన.

వాల్టర్ కొట్టు

ఇలినాయి కొసకి వెళ్లేసరికి నేల గుట్టలు గుట్టలుగా లేచింది. ఒక గుట్ట వాలున వాల్టర్ కొట్టు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ల మీద పిల్లి, బల్ల మీద అట్టపెట్టెల్లో ఉత్తరాలు. మమ్మల్ని చూసి ముందు కుర్చీలు తుడిచాడు.

"రెండురోజులు ప్రయాణం చేసి వచ్చారా ఒక్క ఉత్తరం కోసం?" అన్నాడు.

"ఇది రావడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది" అంది వదిన.

ఆయన ఒక గోధుమరంగు కాగితం కవరు తీసి ఇచ్చాడు. నూట అరవై డాలర్లు చెప్పాడు. వదిన మామూలుగా అయితే ముందు భూతద్దం తీస్తుంది, వెలుగు దగ్గరకి తీసుకెళుతుంది, వాసన కూడా చూస్తుంది, ఆ తరవాత బేరం మొదలెడుతుంది. ఆవేళ ఉత్తరాన్ని కవరులోంచి రెండంగుళాలు పైకి లాగింది. మూలన మిల్ క్రీక్ అని ఉందో లేదో చూసింది. మళ్లీ లోపలికి తోసేసింది. చెక్కు రాసేసింది. ఒక్క డాలరు బేరం ఆడలేదు. 

డాక్టర్లు బేరమాడకపోతే మంచిది కాదు.

బయటకొచ్చి కవరు నల్లపెట్టెలో పెట్టబోయింది. నేను పెట్టె మీద చెయ్యేశాను.

"వద్దు వదినా. అందులో పెట్టకండి."

"ఎందుకు?"

"అది చావు కబురైతే? చావు కబురు ఉత్తరం ఇంట్లో ఉంచుతామా? చదివి అక్కడే చింపి పారేసి, స్నానం చేసి కదా లోపలికొస్తాం!"

"నూట అరవై డాలర్లు పోసి కొన్నది చింపమంటావా?"

"చింపొద్దు. లోపలకి తేవద్దు. ఆ పదకొండిటితో కలపొద్దు. వాటిల్లో పాలీ బతికి ఉంది."

వదిన నన్ను చివాట్లు పెడుతుందనుకున్నాను. ఇలాంటి పట్టింపులంటే ఆవిడకి మంట. పిల్లి ఎదురొస్తే ఇంకో అడుగు ముందుకేసే మనిషి. కానీ ఈసారి "సరే, డిక్కీలో పెట్టు" అంది. 

నేనే ప్లాస్టిక్ సంచిలో వేసి, సామాన్ల పక్కన ఇరికించి, డిక్కీ మూశాను.

హంసాబెన్ మోటెల్

మిసిసిపీ నదికి ఇవతల ఒక మోటెల్లో దిగాం. గుజరాతీవాళ్లది. కౌంటర్లో హంసాబెన్ అనే ఆవిడ, నా వయసే ఉంటుంది, స్వెట్టరు మీద చీర కొంగు దోపుకుని కూర్చుంది. గది యాభై ఐదు డాలర్లు, మన వాళ్లమని నలభై ఐదు చేసింది. నాకు వచ్చిన హిందీ, ఆవిడకి వచ్చిన హిందీ కలిపితే ఒక మనిషికి సరిపడా అయింది.

టీ ఇచ్చింది. యాలకులూ అల్లమూ వేసి. సామాను లోపలికి తెచ్చుకుంటుంటే, డిక్కీలో ఇంకో సంచి ఉండిపోయిందే అంది. వదిన మొహం పక్కకి తిప్పుకుంది. నేను చేతులతో చెప్పాను. ఉత్తరం. చావు. ఇంట్లోకి రాకూడదు.

హంసాబెన్ టీ కప్పు కింద పెట్టేసింది. మా గుజరాత్‌లోనూ అంతే అంది. అలాంటి ఉత్తరం వస్తే గుమ్మం బయటే చదివి చింపేస్తారట, లోపల అన్నం వండుతుంటే ఆపేస్తారట. ఎవరు పోయారు, మీ చుట్టాలా అని నా చెయ్యి పట్టుకుంది.

"అయోవాలో ఒకావిడ" అన్నాను.

"ఎప్పుడు?"

వదిన వెనకనుంచి ఇంగ్లీషులో చెప్పింది, "నూట అరవై ఏళ్ల పైమాటే."

హంసాబెన్ వదిన వంక చూసింది, నా వంక చూసింది. కానీ నవ్వలేదు. లోపలికెళ్లి వేడిగా రొట్టెలూ బంగాళాదుంపల కూరా తెచ్చిపెట్టింది. మైలలో ఉన్నవాళ్లు వండుకోకూడదు కదా, తినండి అంది. పులిహోర సీసా డిక్కీలోనే ఉండిపోయింది.

గదిలో వదిన అంది, "ఇద్దరూ కలిసి నన్ను మైల్లో కూర్చోబెట్టారు."

"రొట్టెలు బాగున్నాయి కదా!"

"బాగున్నాయి."

దీపం తీసేముందు ఆవిడ మళ్లీ అంది, "రత్నం, చలిజ్వరంతో గర్భిణీ మనిషి, అడవిలో, డాక్టరు లేకుండా... నాకు తెలుసే ఏమవుతుందో. నేను డాక్టర్ని." ఆ తరవాత అటు తిరిగి పడుకుంది. ఆవిడ ఉత్తరాన్ని ఎందుకు చూడలేదో నాకప్పుడు అర్థమైంది. లోపలికి తేవద్దన్నది నేనే గాని, దాన్ని దూరంగా ఉంచాలని ఆవిడకీ ఉంది.

నది ఒడ్డున

పొద్దున వంతెన దాటి అయోవాలో అడుగుపెట్టాం. డుబ్యూక్ అనే ఊరు. మిసిసిపీ నది వెడల్పుగా, బురదగా, మన కృష్ణ వరద తీసినప్పటి రంగులో ఉంది. ఒడ్డున బెంచీలున్నాయి. నీళ్లున్నాయి కదా, ఇక్కడ చదివేద్దాం, నేను చెయ్యీ కాళ్లూ కడుక్కుంటాను అన్నాను. వదిన సరేనంది. డిక్కీ తీశాను.

నిన్న గుట్టల రోడ్డులో మలుపులు ఎక్కువ. పులిహోర సీసా పడిపోయి ఉంది. మూత వదులైంది. పసుపు నూనె కారి ప్లాస్టిక్ సంచిలోకి దిగింది. గోధుమరంగు కవరు ఒక మూల నిండా నానిపోయింది.

సంచి పట్టుకుని అలా నిలబడిపోయాను. వదిన వచ్చి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. మెల్లిగా కవరులోంచి ఉత్తరం తీసి, కాగితం రుమాలు మీద పెట్టింది. ఉత్తరం మూల కూడా పసుపెక్కింది. బొటనవేలంత మేర.

"చేత్తో ముట్టుకోకు" అంది. అంతే. బ్యాగులోంచి భూతద్దం తీసింది. నూనె ఎంత దూరం పాకిందో చూడ్డానికి బెంచీ మీద కూర్చుని ఉత్తరం మీదకి వంగింది. అంగుళం అంగుళం చూసుకుంటూ వచ్చింది. నేను పక్కన నిలబడి కొంగు నలుపుకుంటున్నాను.

వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది.

"రత్నం. ఇటు రా. ఇదేంటి?"

"నూనె మరకే వదినా. పప్పు నూనె. ఇంగువ కూడా..."

"మరక కాదే. ఈ ఎర్ర ముద్ర."

మూలన మిల్ క్రీక్ అని కలంరాత. అది మామూలే. కానీ ఇంకోవైపు గుండ్రంగా ఎర్ర ముద్ర ఉంది. వదిన దాన్ని అక్షరం అక్షరం కూడబలికి చదివింది. న్యూయార్క్‌లో లిడియా ఉన్న ఊరి పేరు.

"అక్కడికే కదా వెళ్లాల్సింది?" అన్నాను.

"అదే కదా! ఆ రోజుల్లో చేరిన ఊళ్లో ముద్ర కొట్టరు. బయల్దేరిన ఊళ్లోనే కొడతారు. అంటే ఇది అక్కడిదాకా వెళ్లి, అక్కణ్ణించి మళ్లీ బయల్దేరింది." ఆవిడ భూతద్దం అంకెల మీదకి తెచ్చింది. "ఇదిగో, ఇరవై ఐదు కొట్టేసి యాభై చేశారు. రెండు ప్రయాణాలకి రెండు ఛార్జీలు. లిడియా ఊరి పేరు మీద గీత పెట్టేశారు. కింద వేరే ఊరు రాశారు. చదువు, నా కళ్లకి ఆనట్లేదు."

నాకు ఇంగ్లీషు గొలుసుకట్టు రాదు. అయినా ఆ మాట వచ్చు. పదకొండుసార్లు చూసిన మాట.

"మిల్ క్రీక్" అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లిడియా అక్కడ లేదు. ఈ ఉత్తరం వెళ్లేసరికే బయల్దేరి వచ్చేసింది. పోస్టుమాస్టరు ఆవిడ ఎక్కడికి వెళ్లిందో తెలిసినవాడు కనక, రాసిన ఊరికే తిప్పి పంపాడు.

"వచ్చింది వదినా! లిడియా వచ్చింది!"

"వచ్చింది. కానీ రత్నం, వచ్చేసరికి..." వదిన ఆపేసింది.

నేను ఉత్తరం పక్క మడత వైపు చూస్తున్నాను. అక్కడ సన్నగా ఒక వరుస రాసుంది. అడ్రసు రాసిన చెయ్యి కాదు. చివరి మాటలో ఒక అక్షరానికి తోక కిందకి దిగి, దూడ తోకలాగా మళ్లీ పైకి తిరిగింది. ఆ తోక నాకు తెలుసు. పదకొండు ఉత్తరాల చివర పాలీ తన పేరుకి పెట్టే తోక.

"వదినా, ఇది చూడండి. ఇది మన పాలీ చెయ్యి."

భూతద్దం అటు జరిపింది. చాలాసేపు చూసింది. అద్దం మీద ఒక చుక్క పడితే తుడుచుకుని మళ్లీ చూసింది. ఆ రోజుల్లో ఉత్తరం అందగానే ఎప్పుడందిందీ, జవాబు ఎప్పుడు రాసిందీ అంచున రాసుకునేవాళ్లట. వదిన తెలుగులోకి మార్చి చదివింది, మన ఇంట్లో చదివినట్టే.

"లిడియా వచ్చిన పదిహేను రోజులకి అందింది. యాభై సెంట్లు దండగ. జవాబు అక్కర్లేదు."

నేను బెంచీ మీద కూలబడ్డాను. పాలీ బతికింది. వణికిన చెయ్యి కుదుటపడి, కలం పట్టుకుని, పక్కన వదినని కూర్చోబెట్టుకుని, ఇద్దరూ నవ్వుకుంటూ ఉండగా రాసింది ఇది. ఇంక ఉత్తరాలు ఎందుకుంటాయి? ఎవరికి రాస్తుంది?

అప్పుడు మడత విప్పి లోపలిది చదివాం. అది వాళ్లాయన రాసినది. పాలీ కలం పట్టలేకుండా ఉందనీ, మగపిల్లాడు పుట్టాడనీ, ఇద్దరూ నీరసంగా ఉన్నారనీ, అక్కా నువ్వు రాగలిగితే క్వినైను తీసుకురమ్మనీ. ఈ కబురు అందకముందే బయల్దేరిన మనిషికి ఈ ఉత్తరం దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటుంది.

"మనమూ అంతేగా" అంది వదిన. "నువ్వు ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎన్ని ఏరోగ్రాములు రాశావే! కాలవలో నీళ్లొచ్చాయి, గేదె ఈనింది..."

"మీరు రాసినవీ నాకన్నీ గుర్తే. మంచు పడింది, కారు స్టార్ట్ కాలేదు, మాట్లాడే మనిషి లేదు."

"అలా రాశానా?"

"రెండు ఉత్తరాల్లో రాశారు."

నేను చేతులు కడుక్కోవడానికి లేచి, ఎందుకులే అని మళ్లీ కూర్చున్నాను.

మిల్ క్రీక్

పాత బడి మ్యూజియం చూసుకునేది డోనా అనే ఆవిడ. అదే ఊళ్లో పుట్టి పెరిగింది. మా కోసం ఇంకో ఇద్దరు ముసలమ్మల్ని పిలిచి, రుబార్బ్ అనే ఎర్ర కాడలు పెట్టి కాల్చిన "పై" అనే తీపి వంటకం తెచ్చింది. పులుపు! గోంగూర కాడకి పంచదార పట్టించినట్టుంది. రెండు ముక్కలు తిన్నాను. మన ఊరి పులుపు తగిలాక పరాయి ఊరనిపించలేదు.

వదిన నల్లపెట్టె తెరిచి ఒక్కొక్కటే బల్లమీద పేర్చింది. పన్నెండోది తనే తీసి చివర పెట్టింది. డోనా అన్నీ చూసి, ఆ పసుపు మూల దగ్గర ఆగింది. చాలా మర్యాదగా, ఈ మరక ఎప్పటిది అని అడిగింది.

వదిన నా వంక చూసింది.

"మా దేశంలో శుభవార్త తెచ్చిన ఉత్తరానికి మూలలకి పసుపు రాస్తాం" అంది. "దీనికి ఇవాళ పొద్దునే రాశాం."

డోనా అట్టముక్క మీద ఆ మాట రాసుకుంది. రేపెవరైనా అక్కడికి వెళితే ఆ పన్నెండో ఉత్తరం పక్కన చదువుకోవచ్చు. పులిహోర ప్రసక్తి మాత్రం అందులో లేదు.

ఇంటికి

ఇంటికి బయల్దేరే ముందు డుబ్యూక్‌లో నది బొమ్మ ఉన్న కార్డు ఒకటి యాభై సెంట్లకి కొన్నాను. మా ఆయనకి రాశాను. "మేమిద్దరం క్షేమం. పాలీ క్షేమం. పప్పు ఫ్రిజ్‌లో కింద అరలో ఉంది, చూసుకోలేదేమో." వదిన స్టాంపు అంటించి డబ్బాలో వేసింది.

వెనక్కి ఫ్రీవే మీద వచ్చేశాం. ఇంటికొచ్చి బట్టలుతికి, మా ఆయన చూసుకోని పప్పు పారేసి, మామూలు పనుల్లో పడ్డాక ఒకరోజు మెయిల్ బాక్సు తీస్తే కార్డు ఉంది. నేను రాసినది నా చేతికే వచ్చింది.

వంటింట్లోకి తెచ్చాను. వదిన ముందు దాన్ని తిప్పి ముద్ర చూసింది. "బాగా పడింది" అంది సంతోషంగా. మా ఆయన కాఫీ తాగుతూ, "ఏం రాశావో నువ్వే చదివెయ్, నేను కళ్లజోడు తెచ్చుకోవాలి" అన్నాడు.

నేను చదవలేదు. పోపులపెట్టెలోంచి చిటికెడు పసుపు తడిచేసి నాలుగు మూలలకీ రాశాను. ఫోన్ పక్కనున్న పెన్ను తీసుకుని, కార్డు అంచున, ఖాళీ ఉన్నచోట, నా ఐదో తరగతి అక్షరాలతో రాశాను.

ఇంటికి చేరింది. మేము ముందే వచ్చేశాం. జవాబు అక్కర్లేదు.